ఇంటి కంప్యూటర్‌లో రైడ్: రెండు డిస్కులతో మిర్రర్ పెట్టుకునే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

హార్డ్ డిస్క్ ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. అమెరికాకు చెందిన బ్యాక్‌బ్లేజ్ అనే క్లౌడ్ సంస్థ రెండు లక్షలకు పైగా డిస్కులు నడుపుతూ, వాటిలో ఎన్ని పాడయ్యాయో లెక్కలు బయటపెడుతుంటుంది. ఈమధ్య సంవత్సరాల లెక్కల ప్రకారం ఏడాదికి నూటికి ఒకటి నుంచి రెండు డిస్కులు పోతున్నాయి. అది చల్లటి గదుల్లో, కరెంటు పోని చోట, నిపుణుల కనుసన్నల్లో నడిచే డిస్కుల మాట. మన ఇళ్లలో మే నెల ఎండ, దుమ్ము, కరెంటు కోతలు అదనం. పిల్లల ఫొటోలు, పెళ్లి వీడియోలు, పొలం కాగితాల స్కాన్లు అన్నీ ఒకే డిస్కులో పెట్టుకున్న ఇంట్లో ఆ ఒక్కటీ పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఈ ఇబ్బందికి ఉన్న ఉపాయాల్లో రైడ్ ఒకటి. ఒకటి కన్నా ఎక్కువ డిస్కులను కలిపి కంప్యూటర్‌కు ఒకే డిస్కులా కనిపించేలా చేయడమే రైడ్. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ దీని మీద పరిశోధన పత్రం రాశారు. పెద్ద కంప్యూటర్లలో వాడే ఒక ఖరీదైన డిస్కు చేసే పనిని పీసీల్లో వాడే చిన్న చవక డిస్కులను గుంపుగా కలిపి చేయించవచ్చన్నది వాళ్ల వాదన. డిస్కుల సంఖ్య పెరిగితే వాటిలో ఏదో ఒకటి పాడయ్యే అవకాశమూ పెరుగుతుంది కాబట్టి, ఒకటి పోయినా డేటా నిలిచే ఏర్పాటు కూడా అందులోనే ఆలోచించారు. మనకు కావలసింది సరిగ్గా ఆ ఏర్పాటే.

కొనే ముందు ఒక మాట

రైడ్ బ్యాకప్ కాదు. ఈ మాట ఎక్కడ చదివినా కనిపిస్తుంది, అయినా చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మిర్రర్‌లో, అంటే ఒకే డేటాను రెండు డిస్కుల్లోనూ రాసే రైడ్‌లో, ఒక డిస్కు మీద ఏం జరిగితే రెండో దాని మీదా అదే క్షణంలో అదే జరుగుతుంది. మీరు పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు చోట్లా పోతుంది. ర్యాన్సమ్‌వేర్ వచ్చి ఫైళ్లకు తాళం వేస్తే రెండు చోట్లా పడుతుంది. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టె కాలి ఎక్కువ వోల్టేజీ లోపలికి వస్తే రెండు డిస్కులూ ఒకేసారి పోవచ్చు. దొంగ క్యాబినెట్ ఎత్తుకుపోతే రెండూ దానితోనే వెళ్తాయి. మిర్రర్ కాపాడేది ఒక్క ప్రమాదం నుంచే: ఒక డిస్కు చెడిపోయినా పని ఆగకుండా చూస్తుంది, తీరిగ్గా కొత్తది తెచ్చుకునే వ్యవధి ఇస్తుంది.

అందుకే నా సలహా నేరుగా చెబుతాను. మీ దగ్గర రెండు డిస్కులు కొనేంత డబ్బే ఉంటే రైడ్ వద్దు. ఒకటి లోపల బిగించండి, రెండోది ఎక్స్‌టర్నల్ డిస్కుగా పెట్టుకుని బ్యాకప్ తీసుకోండి. మూడు కొనగలిగినప్పుడే మిర్రర్ మాట. లోపల రెండు, బయట ఒకటి. లోపలివి రెండూ ఒకేసారి పోయినా బయటిది ఉంటుంది, లోపలిది ఒకటి పోతే పని ఆగదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, ఇంటి నుంచే నాలుగు దుకాణాల లెక్కలు రాసేవాళ్లు, అంటే ఒక రోజు పని ఆగితే నష్టపోయేవాళ్లు, మిర్రర్ మీద పెట్టిన ఖర్చు తప్పకుండా తిరిగి పొందుతారు.

ఏ రైడ్?

రైడ్ 0లో డేటాను ముక్కలు చేసి సగం ఒక డిస్కులో, సగం ఇంకో డిస్కులో రాస్తారు. వేగం పెరుగుతుంది గానీ ఏ ఒక్కటి పోయినా మొత్తం పోతుంది. తిరిగే భాగాలు లేని, బాగా వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ డిస్కులు దొరికే రోజుల్లో వేగం కోసం ఇంట్లో రైడ్ 0 పెట్టుకోవడంలో అర్థం లేదు.

రైడ్ 1 అంటే మిర్రర్. ప్రతి ఫైలూ రెండు డిస్కుల్లోనూ ఉంటుంది. రెండు 4 టీబీ డిస్కులు పెడితే వాడుకోవడానికి దొరికేది 4 టీబీ మాత్రమే. సగం పోయినట్టు అనిపిస్తుంది, కానీ మీరు డబ్బు పెట్టి కొన్నది ఆ రెండో కాపీనే.

రైడ్ 5కు కనీసం మూడు డిస్కులు కావాలి. ఇది పారిటీ అనే లెక్క మీద నడుస్తుంది. దాని కిటుకు ఇలా ఉంటుంది. మొదటి డిస్కులో 7, రెండో డిస్కులో 5 రాశామనుకోండి. మూడో దానిలో ఆ రెండింటి మొత్తం 12 రాస్తాం. రెండో డిస్కు పోయిందా? 12లోంచి 7 తీసేస్తే 5 దొరుకుతుంది. అసలు లెక్క కూడిక కాదు, బిట్ల మీద చేసే ఎక్స్‌ఆర్ అనే ప్రక్రియ, కానీ సూత్రం ఇదే. మూడు 4 టీబీ డిస్కులతో 8 టీబీ వాడుకోవచ్చు, అంటే మిర్రర్ కన్నా చోటు కలిసొస్తుంది. రైడ్ 6లో రెండు పారిటీలుంటాయి, రెండు డిస్కులు పోయినా డేటా నిలుస్తుంది. రైడ్ 10కి నాలుగు డిస్కులు కావాలి, మిర్రర్ జతల మీద రైడ్ 0 నడుస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రైడ్ 5 జోలికి వెళ్లొద్దనే చెబుతాను. ఒక డిస్కు పోయాక కొత్తది పెట్టి తిరిగి నింపాలంటే, మిగిలిన డిస్కులన్నింటినీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. సాధారణ డిస్కులకు తయారీదారులు ఇచ్చే వివరాల్లో చదవలేని పొరపాటు 10 టు ది పవర్ ఆఫ్ 14 బిట్లకు ఒకటికి మించదని రాసి ఉంటుంది, అంటే సుమారు 12.5 టీబీకి ఒకటి. అది హామీ ఇచ్చే హద్దు మాత్రమే, నిజానికి చాలా డిస్కులు దానికన్నా మెరుగ్గానే నడుస్తాయి. అయినా పెద్ద డిస్కుల మీద గంటల తరబడి సాగే ఆ పని మధ్యలో ఇంకోటి దెబ్బతింటే ఇంటి వినియోగదారుడి చేతిలో ఏమీ ఉండదు. మిర్రర్‌లో లెక్కలేమీ లేవు, ఒక డిస్కును ఇంకో దానిలోకి కాపీ చేయడమే. విండోస్‌లో పారిటీ పెట్టుకుంటే రాసే వేగం కూడా బాగా పడిపోతుంది.

రైడ్‌ను ఎవరితో నడిపించాలి?

దారులు మూడు. ప్రత్యేకంగా రైడ్ కార్డు కొనడం ఒకటి, ఇంటికి అంత అక్కర్లేదు. మదర్‌బోర్డు బయాస్‌లో, అంటే ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే సెట్టింగుల్లో, ఉండే రైడ్ రెండోది. చూడ్డానికి సులువుగా ఉంటుంది గానీ రేపు బోర్డు కాలిపోతే, అదే రకం చిప్‌సెట్ ఉన్న బోర్డు వెతుక్కోవాల్సి రావచ్చు. ఐదేళ్ల పాత బోర్డు బజార్లో దొరకడం ఎంత కష్టమో కొన్నవాళ్లకు తెలుసు. మూడోది ఆపరేటింగ్ సిస్టమే రైడ్ నడిపే పద్ధతి. ఇంటికి నేను సూచించేది ఇదే. డిస్కుల వివరాలన్నీ డిస్కుల మీదే రాసి ఉంటాయి కాబట్టి, బోర్డు పోయినా, విండోస్ మళ్లీ వేసుకున్నా, ఆ రెండు డిస్కులనూ ఇంకో విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే గుర్తుపడుతుంది.

విండోస్‌లో దీని పేరు స్టోరేజ్ స్పేసెస్. 2012లో విండోస్ 8తో వచ్చింది, విండోస్ 10, 11ల హోమ్ ఎడిషన్‌లో కూడా ఉంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనిపించే పాత తరహా మిర్రర్డ్ వాల్యూమ్‌ను వదిలేయండి, అది కాలం చెల్లిన పద్ధతి. స్టోరేజ్ స్పేసెస్‌కు ఒక పరిమితి ఉంది: విండోస్ ఉన్న డిస్కును ఇందులో కలపలేం. కాబట్టి విండోస్‌కు ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ వేరుగా ఉండాలి, డేటా కోసం రెండు హార్డ్ డిస్కులు వేరుగా ఉండాలి. ఈరోజుల్లో చాలా డెస్క్‌టాప్‌లు ఎలాగూ అలాగే వస్తున్నాయి.

ల్యాప్‌టాప్ వాడేవాళ్లు యూఎస్‌బీ డిస్కులు రెండు తగిలించి మిర్రర్ చేద్దామనుకోవచ్చు. విండోస్ కాదనదు, కానీ కేబుల్ కాస్త కదిలితే చాలు, డిస్కుతో సంబంధం తెగిపోయి మిర్రర్ దెబ్బతింటుంది. అలాంటివాళ్లకు రెండు డిస్కులు పట్టే న్యాస్ పెట్టె, అంటే ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించుకునే డిస్కుల పెట్టె, మేలు. సైనాలజీ, క్యూన్యాప్ వంటివి బ్రౌజర్‌లోంచే రైడ్ పెట్టుకునే వీలిస్తాయి.

డిస్కులు కొనడం

రెండూ ఒకే పరిమాణం ఉండాలి. ఒకటి 4, ఇంకోటి 6 అయితే మిర్రర్‌కు 4 మాత్రమే పనికొస్తుంది.

డిస్కు వివరాల్లో సీఎంఆర్ అని ఉందో, ఎస్‌ఎంఆర్ అని ఉందో తప్పకుండా చూడండి. ఎస్‌ఎంఆర్ డిస్కుల్లో డేటా ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత కప్పుకుని ఉంటాయి, సీఎంఆర్‌లో అలా ఉండవు. ఒక చోట మార్చాలంటే పక్కవాటినీ తిరగరాయాలి. మామూలు వాడకంలో తెలియదు గానీ, రైడ్ తిరిగి నింపేటప్పుడు ఎడతెగకుండా రాయాల్సి వస్తే బాగా నెమ్మదిస్తాయి. 2020లో న్యాస్ కోసమని అమ్మిన కొన్ని డిస్కులు ఎస్‌ఎంఆర్ అని బయటపడి కొనుగోలుదారులు మండిపడ్డారు. అప్పటి నుంచి తయారీ సంస్థలు తమ సైట్లలో ఏ మోడల్ ఏ రకమో పెడుతున్నాయి. దుకాణానికి వెళ్లే ముందే మోడల్ నంబరుతో వెతికి, సీఎంఆర్ అని తేల్చుకుని వెళ్లండి.

రెండు డిస్కులూ ఒకే రోజు తయారైన ఒకే బ్యాచ్‌వి కాకుండా చూసుకుంటే మంచిది. బ్యాచ్‌లో లోపం ఉంటే రెండూ దగ్గర దగ్గర రోజుల్లో పోయే ప్రమాదం ఉంటుంది. ఒకటి ఆన్‌లైన్‌లో, ఒకటి సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీ లాంటి కంప్యూటర్ బజార్లో తీసుకోవడం సులువైన దారి. బజార్లో కొంటే బిల్లు కట్టే ముందే సీరియల్ నంబరును తయారీదారు సైట్‌లో వారంటీ పేజీలో కొట్టి చూడండి. మన దేశంలో వారంటీ ఉందో లేదో, ఎప్పటిదాకా ఉందో అక్కడే తెలుస్తుంది. వేరే దేశానికి ఉద్దేశించిన సరుకు తక్కువ ధరకు దొరుకుతుంది గానీ, పోయిన రోజున ఇక్కడ ఎవరూ మార్చివ్వరు.

బిగించడం

ముందుగా మదర్‌బోర్డు మాన్యువల్ తెరవండి. చాలా బోర్డుల్లో ఎం.2 అనే చిన్న స్లాట్‌లో ఎస్‌ఎస్‌డీ పెడితే, డిస్కుల కేబుళ్లు తగిలించే సాటా పోర్టులు ఒకటో రెండో పనిచేయడం మానేస్తాయి. ఏవి మానేస్తాయో మాన్యువల్‌లో చిన్న పట్టికలో రాసి ఉంటుంది. ఇది చూడకుండా, కొత్త డిస్కు కనబడటం లేదని దుకాణానికి తిరిగి తీసుకెళ్లేవాళ్లున్నారు.

క్యాబినెట్ తెరవకముందే ఇంకో పని. ప్రతి డిస్కు పైనా ఉన్న సీరియల్ నంబరు చివరి నాలుగు అక్షరాలను కాగితం ముక్క మీద పెద్దగా రాసి, బిగించాక కూడా కనిపించే అంచున టేపుతో అతికించండి. రేపు ఒక డిస్కు పోయినప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. కంగారులో బాగున్నదాన్ని పీకేస్తే కథ అడ్డం తిరుగుతుంది.

కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకి పని మొదలుపెట్టండి. 3.5 అంగుళాల డిస్కులను వీలైతే మధ్యలో ఒక స్లాట్ ఖాళీ వదిలి, ముందు ఫ్యాన్ గాలి తగిలే చోట బిగించండి. నాలుగు స్క్రూలూ పెట్టండి, రెండుతో సరిపెట్టొద్దు, అదురు పెరుగుతుంది. సాటా డేటా కేబుల్ ఒక కొస డిస్కుకు, ఇంకో కొస బోర్డుకు. పవర్ కోసం ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా వచ్చే సాటా కనెక్టర్లే వాడండి. పాత నాలుగు పిన్నుల మోలెక్స్‌ను సాటాగా మార్చే చవక కన్వర్టర్లలో అచ్చుపోసిన రకం లోపల షార్టయి కాలిన సందర్భాలున్నాయి. కనెక్టర్లు చాలకపోతే ఎస్‌ఎంపీఎస్ మార్చడమే సరైన పని. హార్డ్ డిస్కు నడిచేటప్పుడు పది వాట్ల లోపే తీసుకున్నా, తిరగడం మొదలుపెట్టే ఆ కొద్ది సెకన్లలో అంతకు రెండింతల పైనే లాగుతుంది. పాత నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌లు అక్కడే మొరాయిస్తాయి.

కంప్యూటర్ ఆన్ చేసి బయాస్‌లోకి వెళ్లి, రెండు డిస్కులూ జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. అక్కడ సాటా మోడ్ అని ఏహెచ్‌సీఐ, రైడ్ అనే ఎంపికలు కనిపిస్తాయి. రైడ్ పెడుతున్నాం కదా అని దాన్ని మార్చేయకండి. మారిస్తే ఉన్న విండోస్ బూట్ కాకపోవచ్చు. మన పద్ధతికి దానితో అవసరమే లేదు.

కొత్త డిస్కును నమ్మే ముందు

కొత్త డిస్కులు మొదటి వారాల్లోనే పోవడం కూడా ఉన్నదే. మిర్రర్ చేయకముందే వాటికి ఒక పరీక్ష పెట్టండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో రెండింటినీ జీపీటీ అనే ఎంపికతో ఇనిషియలైజ్ చేసి (అంటే వాడకానికి సిద్ధం చేసి), సింపుల్ వాల్యూమ్ తయారుచేసి, ఫార్మాట్ చేసేటప్పుడు "పెర్ఫార్మ్ ఎ క్విక్ ఫార్మాట్" దగ్గర టిక్ తీసేయండి. అప్పుడు విండోస్ డిస్కు మొత్తం మీద సున్నాలు రాస్తుంది. 4 టీబీ డిస్కుకు ఏడెనిమిది గంటలు పట్టొచ్చు, రాత్రి పెట్టి పడుకోండి.

తెల్లవారాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి డిస్కు ఆరోగ్యం చూడండి. జాబితాలో మీకు కావలసినవి నాలుగే వరుసలు. 05 దగ్గర పాడై పక్కన పెట్టిన సెక్టార్ల (డిస్కులో డేటా రాసే చిన్న చిన్న గళ్ల) సంఖ్య ఉంటుంది. సీ5 దగ్గర చదవడానికి ఇబ్బంది పడుతున్నవి, సీ6 దగ్గర సరిచేయలేనివి ఉంటాయి. కొత్త డిస్కుకు ఈ మూడింటికీ రా వ్యాల్యూ అనే చివరి గడిలో పూర్తిగా సున్నా ఉండాలి. ఒక్కటి కనిపించినా మొహమాటపడకుండా మార్పించుకోండి. సీ7 మాత్రం వేరే కథ. అది పెరుగుతుంటే చాలాసార్లు తప్పు కేబుల్‌ది, డిస్కుది కాదు. కేబుల్ మార్చాక ఆ సంఖ్య తగ్గదు, కానీ పెరగడం ఆగాలి.

మిర్రర్ తయారుచేయడం

ఇక్కడి నుంచి పని చిన్నదే. కానీ ఒక హెచ్చరిక: ఎంచుకున్న డిస్కుల్లో ఉన్నదంతా చెరిగిపోతుంది. పాత డేటా ఉన్న డిస్కును ఇందులో కలపాలనుకుంటే ముందు దాన్ని వేరే చోటికి కాపీ చేసుకోండి.

స్టార్ట్ నొక్కి "మేనేజ్ స్టోరేజ్ స్పేసెస్" అని కొట్టండి. కంట్రోల్ ప్యానెల్‌లో స్టోరేజ్ స్పేసెస్ పేజీ తెరుచుకుంటుంది. "క్రియేట్ ఎ న్యూ పూల్ అండ్ స్టోరేజ్ స్పేస్" నొక్కితే డిస్కుల జాబితా వస్తుంది. పరిమాణం, మోడల్ చూసుకుని ఆ రెండింటికే టిక్ పెట్టండి. బ్యాకప్ కోసం తగిలించిన యూఎస్‌బీ డిస్కు ఏదైనా ఉంటే ముందే పీకేసి ఉంచడం మంచిది, అప్పుడు పొరపాటుకు తావే ఉండదు. "క్రియేట్ పూల్" నొక్కండి. రెండు డిస్కులనూ కలిపిన ఉమ్మడి చోటే పూల్.

తర్వాతి తెరలో పేరు, డ్రైవ్ అక్షరం ఇవ్వండి. ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉంచండి. రెజిలియెన్సీ టైప్ (డిస్కు పోతే తట్టుకునే పద్ధతి) దగ్గర "టూ-వే మిర్రర్" ఉందో లేదో కళ్లారా చూడండి. అక్కడే "సింపుల్" అనే ఎంపిక కూడా ఉంటుంది. పేరు సింపుల్ కదా అని అది ఎంచుకుంటే రక్షణేమీ ఉండదు. "త్రీ-వే మిర్రర్"కు ఐదు డిస్కులు, "పారిటీ"కి మూడు కావాలి, వాటి సంగతి మనకు అక్కర్లేదు.

సైజు దగ్గర కొత్తవాళ్లు తికమకపడతారు. రెండు 4 టీబీ డిస్కులకు మొత్తం పూల్ 7.27 టీబీ దరిదాపుల్లో చూపిస్తుంది. 8 ఎందుకు లేదంటే, తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కిస్తే విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. డిస్కులో లోపమేమీ లేదు. మిర్రర్‌కు గరిష్ఠ సైజు 3.63 దగ్గర వస్తుంది. విండోస్ ఇక్కడ అంతకన్నా పెద్ద అంకె వేసుకోనిస్తుంది. డిస్కులు తర్వాత కొనుక్కోవచ్చు, ముందే పెద్ద సైజు చెప్పుకోండి అన్న ఆలోచనతో పెట్టిన సౌకర్యం అది. దయచేసి వాడకండి. 10 టీబీ అని వేసుకున్నవాళ్లకు ఎక్స్‌ప్లోరర్‌లో ఇంకా చాలా ఖాళీ ఉన్నట్టు కనిపిస్తుంది, లోపల నిజమైన చోటు అయిపోయిన రోజున డ్రైవ్ ఒక్కసారిగా ఆగిపోతుంది. చూపించిన గరిష్ఠ సైజునే ఉంచి "క్రియేట్ స్టోరేజ్ స్పేస్" నొక్కండి. ఒకటి రెండు నిమిషాల్లో కొత్త డ్రైవ్ దిస్ పీసీలో కనిపిస్తుంది.

డిస్కు పీకి చూడాలి

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుని ఫొటోలు కాపీ చేయడం మొదలుపెడతారు. నా దృష్టిలో అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. ఒక డిస్కు లేకుండా ఇది నడుస్తుందో లేదో మీ కళ్లతో చూడనంతవరకూ మీకు మిర్రర్ ఉన్నట్టు కాదు. డేటా ఇంకా పాత చోటే భద్రంగా ఉంది కాబట్టి, పరీక్షకు ఇంతకన్నా మంచి సమయం మళ్లీ దొరకదు.

కొత్త డ్రైవ్‌లోకి కొన్ని ఫొటోలు, ఒక పెద్ద వీడియో కాపీ చేయండి. కంప్యూటర్ పూర్తిగా షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, పై స్లాట్‌లోని డిస్కు డేటా కేబుల్ పీకేయండి. ఆన్ చేయండి. డ్రైవ్ మామూలుగా తెరుచుకోవాలి, వీడియో ఆడాలి. స్టోరేజ్ స్పేసెస్ పేజీలో పసుపు రంగు హెచ్చరికతో రెజిలియెన్సీ తగ్గిందని కనిపిస్తుంది. ఆ హెచ్చరిక ఎలా ఉంటుందో బాగా గుర్తుపెట్టుకోండి, నిజంగా డిస్కు పోయిన రోజున కనిపించేది అదే.

ఇంకో లాభం కూడా ఇప్పుడే పొందాలి. రెండు డిస్కులూ ఒకే మోడల్ అయితే జాబితాలో ఏది పైది, ఏది కిందిదన్నది తెలియదు. ఇప్పుడు తగిలి ఉన్నది కింది డిస్కు ఒక్కటే. "చేంజ్ సెట్టింగ్స్" నొక్కి, ఫిజికల్ డ్రైవ్స్ కింద బాగున్నట్టు చూపిస్తున్న దాని పక్కన "రీనేమ్" నొక్కి, "కింది స్లాట్" అని, మీరు టేపు మీద రాసిన నాలుగు అక్షరాలతో కలిపి పేరు పెట్టండి.

ఈ స్థితిలోనే ఇంకో కొత్త ఫైలు కాపీ చేయండి. ఇది కింది డిస్కులో మాత్రమే ఉంటుంది. మళ్లీ షట్‌డౌన్ చేసి కేబుల్ తగిలించి ఆన్ చేస్తే, విండోస్ పై డిస్కును గుర్తుపట్టి, లేని భాగాన్ని దానిలోకి రాస్తుంది. హెచ్చరిక పోయి అంతా ఓకే అని వచ్చేదాకా ఆగండి. తొందర అసలు వద్దు. మిగిలిన డిస్కుకు "పై స్లాట్" అని పేరు పెట్టండి. తర్వాత కింది డిస్కు కేబుల్ పీకి ఆన్ చేయండి. ఇందాక కాపీ చేసిన ఆ కొత్త ఫైలు ఇప్పుడు పై డిస్కులోంచి తెరుచుకుంటే, తిరిగి నింపడం కూడా సరిగ్గా జరిగిందని రుజువు అయినట్టే. కేబుల్ తగిలించి, ఓకే వచ్చాక, ఇక ధైర్యంగా డేటా తెచ్చుకోండి.

పాత డిస్కులోని డేటాను వెంటనే చెరపొద్దు. కొత్త ఏర్పాటు నెల రోజులు నడిచాక దాన్నే బ్యాకప్ డిస్కుగా మార్చుకోవచ్చు.

కరెంటు, వేడి

రాస్తుండగా కరెంటు పోతే ఒక డిస్కులో కొత్తది, ఇంకో దానిలో పాతది ఉండిపోయే ప్రమాదం ఉంది. మిర్రర్ ఉన్న కంప్యూటర్‌కు యూపీఎస్ తప్పనిసరి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనొద్దు. కొన్ని ఇన్వర్టర్లు మామూలు మోడ్‌లో మారేటప్పుడు పట్టే క్షణకాలానికే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే దాన్ని వాడండి, లేకపోతే చిన్న యూపీఎస్ వేరుగా కొనండి. యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిసే రకం తీసుకుంటే, మీరు ఇంట్లో లేనప్పుడు బ్యాటరీ అయిపోయేలోగా విండోస్ తనంతట తాను షట్‌డౌన్ అవుతుంది.

రామగుండం, రెంటచింతల లాంటి ఊళ్లలో ఎండాకాలం బయటే 45 డిగ్రీలు దాటుతుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో డిస్కు వేడి 50 దాటుతుంటే ముందు ఫ్యాన్ పెట్టించండి, ఉన్న ఫ్యాన్ జాలీ దుమ్ము దులపండి. క్యాబినెట్‌ను మూసి ఉన్న టేబుల్ అరలో పెట్టొద్దు.

బ్యాకప్, నెలవారీ చూపు

మూడో డిస్కును నెలకోసారైనా, పని ఎక్కువుంటే వారానికోసారి తగిలించి, ఫైల్ హిస్టరీతో గానీ ఫ్రీఫైల్‌సింక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గానీ కాపీ తీసి, వెంటనే పీకి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించి ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దానికీ పాకుతుంది. మరీ ముఖ్యమైనవి ఇంకో కాపీ అక్క ఇంట్లోనో, క్లౌడ్‌లోనో ఉండాలి. మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, ఒకటి ఇంటి బయట అన్న లెక్క ఫొటోగ్రాఫర్లు చాలాకాలంగా పాటిస్తున్నదే.

బ్యాకప్ తీసే రోజునే స్టోరేజ్ స్పేసెస్ పేజీ, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో రెండూ ఒకసారి తెరిచి చూడండి. విండోస్ నోటిఫికేషన్ ఇస్తుంది గానీ, మిగతా వంద నోటిఫికేషన్ల మధ్య దాన్ని కూడా పక్కకు తోసేయడం మామూలే. ఒక డిస్కు పోయిన సంగతి ఎవరూ గమనించక, రెండోది కూడా పోయేదాకా నడిపిన ఇళ్లున్నాయి. మిర్రర్ అంత నిశ్శబ్దంగా పనిచేస్తుంది మరి.

డిస్కు పోయిన రోజు

ముందుగా బ్యాకప్ డిస్కు తగిలించి తాజా కాపీ తీసుకోండి. ఇప్పుడు మీ దగ్గర ఉన్నది ఒకే డిస్కు, దానికి అన్నింటికన్నా ఎక్కువ శ్రమ పడబోయేది కూడా ఇప్పుడే. తర్వాత కేబుల్ మార్చి చూడండి, కొన్నిసార్లు అంతటితో సరిపోతుంది.

నిజంగా పోయిందని తేలితే, అదే పరిమాణం లేదా అంతకన్నా పెద్ద కొత్త డిస్కు తెచ్చి పైన చెప్పిన పరీక్ష పెట్టండి. ఖాళీ సాటా పోర్టు ఉంటే పాతది తీయకుండానే కొత్తది తగిలించండి. లేకపోతే జాబితాలోని పేరు, టేపు మీద అక్షరాలు రెండూ కలిశాకే పాతదాన్ని విప్పండి. స్టోరేజ్ స్పేసెస్‌లో "చేంజ్ సెట్టింగ్స్" నొక్కి, "యాడ్ డ్రైవ్స్"తో కొత్తదాన్ని కలపండి. డేటా దానిలోకి కాపీ అవడానికి నిండిన పరిమాణాన్ని బట్టి గంటలు పడుతుంది. ఆ సమయంలో కంప్యూటర్ వాడుకోవచ్చు గానీ, పెద్ద పనులు పెట్టకపోతే మంచిది. అంతా ఓకే అయ్యాక పాత డిస్కు పేరు పక్కన "రిమూవ్" నొక్కండి. పాతది ఇంకా కొన ఊపిరితో నడుస్తుంటే ముందు "ప్రిపేర్ ఫర్ రిమూవల్" నొక్కాలి.

వారంటీ ఉన్న డిస్కును మార్పుకు పంపే ముందు ఒక విషయం ఆలోచించుకోండి. మిర్రర్‌లోని ప్రతి డిస్కులోనూ మీ ఫైళ్లన్నీ పూర్తిగా ఉంటాయి. డిస్కు ఇంకా తిరుగుతుంటే, వేరే కంప్యూటర్‌కు తగిలించి క్విక్ కాని పూర్తి ఫార్మాట్ చేసి పంపండి. తిరగడమే మానేస్తే చెరపడం కుదరదు. అందులో బ్యాంకు కాగితాలు, ఆధార్ స్కాన్లు ఉంటే వారంటీ వదులుకుని, డిస్కు విప్పి లోపలి పళ్లేలను గీతలు పెట్టి వంచేసి ఈ-వేస్ట్‌కు ఇవ్వడమే నేను సూచించేది. కొన్ని డిస్కుల్లో ఆ పళ్లేలు గాజువి ఉంటాయి, వంచితే పగిలి ముక్కలు ఎగురుతాయి కాబట్టి మందపాటి గుడ్డలో చుట్టి, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని చేయండి.